చలికాలపు అల్లికలో కొలత ఎందుకు తప్పుతుంది: సమస్య - పరిష్కారం

చలికాలం దగ్గరపడి, పొద్దు త్వరగా గుంకి, సాయంత్రాలు ఇంటిపట్టునే గడిచే రోజులు రాగానే పెట్టెల్లో దాచిన ఊలు ఉండలూ అల్లిక సూదులూ బయటికి వస్తాయి. ఆ వెనకే సమస్యలూ వస్తాయి. వారాల తరబడి ఓపికగా అల్లిన స్వెట్టర్ ఒకసారి ఉతకగానే మోకాళ్ళ వైపు జారిపోతుంది, టోపీ కళ్ళ మీదికి దిగుతుంది, చేతులు వేళ్ళను దాటిపోతాయి. కుట్లు ఎక్కించడం, నిట్, పర్ల్, కుట్లు ముగించడం వచ్చినవారి కోసం ఇది రాస్తున్నాను కనుక ఆ ప్రాథమిక విషయాల జోలికి వెళ్ళడం లేదు.

ఏ లోపం కనిపించినా ముందుగా చేయవలసిన పనులు రెండే ఉన్నాయి. సూది మీద ఉన్న కుట్లు లెక్కపెట్టాలి, అల్లిన బట్టను బల్ల మీద పరిచి టేపుతో కొలవాలి. ఈ రెండూ చేయకుండానే ఊలు మంచిది కాదనీ, సూదులు మంచివి కావనీ, నమూనాలో తప్పుందనీ తేల్చేసేవారు చాలామంది ఉన్నారు. బాగుచేయమని నా దగ్గరికి వచ్చే అల్లికల్లో ఎక్కువ భాగం ఈ లెక్క దగ్గరే దొరికిపోతుంది.

అల్లేకొద్దీ ముక్క వెడల్పవుతోంది

కుట్లు పెరిగాయన్నమాట. ఎక్కడ పెరిగాయో చూడాలి. వరుస మధ్యలో చిన్న రంధ్రం కనిపిస్తూ ఉంటే, దారం సూదికి ముందు వైపు ఉండగానే నిట్ కుట్టు వేయడం వల్ల సూది మీద అదనపు చుట్టు పడిందని అర్థం. రంధ్రం లేకుండా అంచు మాత్రమే బయటికి వాలుతూ ఉంటే దోషం వరుస మొదటి కుట్టు దగ్గర ఉంటుంది. పని తిప్పుకున్న తరువాత దారం సూది మీదుగా వెనక్కి వెళితే మొదటి కుట్టు పైకి లేచి, దాని రెండు కాళ్ళూ సూది మీద పక్కపక్కనే రెండు కుట్లలా నిలబడతాయి. వాటిని రెండుగా అల్లేస్తే ప్రతి వరుసకూ ఒక కుట్టు పెరుగుతూ పోతుంది. దారాన్ని సూది మీదుగా కాకుండా సూది కింది నుంచి వెనక్కి తీసుకువెళితే ఆ కుట్టు మళ్ళీ ఒక్కటిగానే కనిపిస్తుంది. అప్పటికే పెరిగిపోయి ఉంటే తప్పు మొదలైన వరుస వరకూ విప్పడమే మేలు. పక్క కుట్లతో కలిపి తగ్గించేస్తే వెడల్పు సరిపోవచ్చు కానీ అంచులో వంకర అలాగే ఉండిపోతుంది.

ముక్క సన్నబడుతూ ఉంటే కుట్టు జారిపోయి ఉంటుంది, లేదా రెండు కుట్లు కలిసిపోయి ఉంటాయి. జారిన కుట్టు కింద నిచ్చెన మెట్లలా అడ్డ దారాలు కనిపిస్తాయి. బట్ట ముఖం మన వైపు ఉంచుకుని, క్రోషియా కొక్కేన్ని జారిన కుట్టులోకి ముందు నుంచి దూర్చి, అన్నిటికన్నా కింద ఉన్న అడ్డ దారాన్ని పట్టి కుట్టులోంచి లాగుతూ పైదాకా వస్తే సరిపోతుంది.

అల్లుతున్నప్పుడు సరిపోయింది, ఉతికాక పెద్దదయింది

ఓపికగా, జాగ్రత్తగా పని చేసేవారిని కూడా దెబ్బతీసేది ఇదే. కుట్ల లెక్క తప్పదు, అల్లుతున్నంతసేపూ టేపు సరైన కొలతే చూపిస్తుంది, చివరికి ఒంటి మీద వేసి చూసినా చక్కగా సరిపోతుంది. మొదటి ఉతుకు దాకా ఏ తేడా కనిపించదు.

కారణం ఊలులోనే ఉంది. గొర్రె ఉన్ని పోగు మీద సన్నని పొలుసులు ఉంటాయి. పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండడానికీ, వేడి నీళ్ళలో నలిపితే బట్ట కుదించుకుపోయి దళసరిగా మారడానికీ ఈ పొలుసులే కారణం. అలా కుదించుకుపోకుండా మెషీన్‌లో ఉతకడానికి వీలుగా తయారుచేసే ఊలును సూపర్‌వాష్ అంటారు. సాధారణంగా ఆ ఊలులో పొలుసులను క్లోరిన్‌తో అరగదీసి, పోగు మీద సన్నని పాలిమర్ పూత వేస్తారు. పోగు నున్నగా మారుతుంది, ఒంటికి గరగరలాడదు, బట్ట కుదించుకుపోదు. అయితే పోగును పోగు పట్టుకునే గుణం కూడా దాంతోపాటే పోతుంది. పొడిగా ఉన్నప్పుడు మన చేతి బిగువు కుట్టును ఆకారంలో నిలుపుతుంది. నీళ్ళలో పడగానే ఉన్ని మెత్తబడి సులభంగా సాగుతుంది, కుట్లు ఒకదాని మీద నుంచి ఒకటి జారి తమకు వీలైన చోట స్థిరపడతాయి. దీనికి తోడు తడిసిన స్వెట్టర్‌ను భుజాలు పట్టుకుని నీళ్ళలోంచి పైకి ఎత్తితే లోపల నిలిచిన నీటి బరువంతా నిలువు కుట్ల మీదే పడుతుంది. అందుకే వెడల్పు కన్నా పొడవే ఎక్కువగా పెరుగుతుంది.

లెక్క వేసి చూస్తే నష్టం ఎంతో తెలుస్తుంది. అసలు పనికి ముందు కొలత కోసం అల్లి చూసే చిన్న నమూనా ముక్కలో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 30 వరుసలు వచ్చాయనుకుందాం. ఛాతీ చుట్టుకొలతకు 200 కుట్లు వేస్తే దాదాపు 91 సెంటీమీటర్లు రావాలి. ఉతికిన తరువాత అదే బట్టలో 10 సెంటీమీటర్లకు 20 కుట్లే పడితే ఆ 200 కుట్లు 100 సెంటీమీటర్లు అవుతాయి. వరుసలు 30 నుంచి 27కు తగ్గితే, 60 సెంటీమీటర్ల పొడవు కోసం అల్లిన 180 వరుసలు దాదాపు 67 సెంటీమీటర్లకు చేరతాయి, 45 సెంటీమీటర్లు ఉండవలసిన చేయి 50కి దిగుతుంది. 10 సెంటీమీటర్లలో రెండు కుట్ల తేడా ఏముందిలే అనిపించవచ్చు, కానీ స్వెట్టర్ మొత్తానికి అది ఒక పూర్తి సైజు తేడా.

పరిష్కారం పని మొదలుపెట్టక ముందే ఉంది. నమూనా ముక్క అల్లాలి, దాన్ని ఉతకాలి, ఆరిన తరువాతే కొలవాలి. నమూనా ముక్క అల్లేవారిలోనూ చాలామంది సూది మీద ఉండగానే కొలిచి సరిపెట్టుకుంటారు, అందుకే ఈ మాట ఇంత నొక్కి చెబుతున్నాను. ముక్క కనీసం 15 సెంటీమీటర్ల చదరంగా ఉండాలి. అంచు కుట్లు ఎప్పుడూ వంకరపోతాయి కనుక మధ్యలోని 10 సెంటీమీటర్లలోనే కుట్లు, వరుసలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలి. తరువాత ముక్కను గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, గుండుసూదులు పెట్టకుండా, లాగకుండా పరిచి ఆరబెట్టాలి. సూపర్‌వాష్ ఊలయితే ఆరిన ముక్కను పై అంచు పట్టి వేలాడదీసి, కింది అంచుకు బట్టల క్లిప్పులు తగిలించి ఒక రాత్రి ఉంచడం మంచిది. ఒంటి మీద స్వెట్టర్ తన బరువుకు తాను ఎంత సాగుతుందో కొంతవరకు దానివల్ల తెలుస్తుంది. ఆ తరువాత మళ్ళీ లెక్కపెట్టి రెండో అంకెలు మొదటివాటి పక్కన రాసుకోవాలి. ఎన్ని కుట్లు ఎక్కించాలో నిర్ణయించవలసింది ఈ రెండో అంకెలే.

ఇక్కడే మరొక మెలిక ఉంది. స్వెట్టర్ అల్లిక సూచనల్లో 40 సెంటీమీటర్లు వచ్చే వరకు అల్లాలని రాసి ఉంటే టేపు పెట్టి 40 వరకు అల్లకూడదు. పై లెక్క ప్రకారం ఉతికాక 40 సెంటీమీటర్లు రావాలంటే 108 వరుసలు చాలు. ఆ 108 వరుసలు సూది మీద ఉన్నప్పుడు 36 సెంటీమీటర్లే కనిపిస్తాయి. పొట్టిగా ఉందని అనుమానపడి మరికొన్ని వరుసలు కలిపేవారే మళ్ళీ అదే సమస్యతో వస్తారు. ఉతకని బట్ట మీద టేపును కాక వరుసల లెక్కను నమ్మాలి.

మీ ఊలు ఏ రకమో చెప్పేది ఉండకు చుట్టిన లేబుల్. నీళ్ళ తొట్టి బొమ్మలో చేయి ఉంటే చేతితో ఉతకాలని, తొట్టిలో 30 లేదా 40 అంకె ఉంటే అంత ఉష్ణోగ్రత వరకు మెషీన్‌లో ఉతకవచ్చని అర్థం. పూర్తిగా గొర్రె ఉన్ని అయి ఉండి మెషీన్‌లో ఉతకవచ్చని రాసి ఉంటే అది దాదాపు ఎప్పుడూ సూపర్‌వాషే. లేబుల్‌ను పారేయకుండా నమూనా ముక్కకే కట్టి దాచుకోండి.

స్వెట్టర్ పూర్తయ్యాక ఇప్పటికే సాగిపోయి ఉంటే దారులు కొన్ని మిగిలి ఉన్నాయి. సూపర్‌వాష్ ఊలయి, లేబుల్ అనుమతిస్తే, తడి బట్టను డ్రయ్యర్‌లో తక్కువ వేడిలో కొద్ది నిమిషాలు తిప్పి, తీసి చూసి, ఇంకా కొంచెం తడి ఉండగానే బయటికి తీసి పరిచి ఆరబెడితే చాలావరకు దగ్గరపడుతుంది. ప్రతి ఉతుకు తరువాతా ఈ పని మళ్ళీ చేయవలసి ఉంటుంది. మామూలు ఊలుతో మాత్రం డ్రయ్యర్ జోలికి పోవద్దు, అది కుదించుకుపోతే మళ్ళీ వెనక్కి రాదు. పొడవు మాత్రమే ఎక్కువయితే, మెడ నుంచి కిందికి అల్లిన స్వెట్టర్‌లో కింది పట్టీని విప్పి, అదనపు వరుసలు తీసేసి, పట్టీ మళ్ళీ అల్లుకోవచ్చు. కింది నుంచి పైకి అల్లినదైతే సాదా భాగంలో ఒక వరుసలోని దారాన్ని కత్తిరించి, బయటపడిన కుట్లను సూదికి ఎత్తుకుని పట్టీని కిందికి అల్లాలి. వెడల్పు కూడా పెరిగిపోయి, డ్రయ్యర్ దారి కుదరకపోతే విప్పడం తప్ప వేరే దారి లేదు. విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంటుంది కనుక దాన్ని పెద్ద చుట్టగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, నానబెట్టి, వేలాడదీసి ఆరబెట్టిన తరువాతే మళ్ళీ అల్లాలి.

ఒళ్ళు సరిపోయింది, చేతులు బిగుతుగా ఉన్నాయి

ఒంటి భాగాన్ని అటూ ఇటూ తిప్పుతూ ముక్కగా అల్లి, చేతులను గుండ్రటి సూది (రెండు కొనలను మెత్తని తీగతో కలిపిన సూది) మీద గొట్టంలా అల్లినప్పుడు ఈ తేడా వస్తుంది. గొట్టంలో అన్నీ నిట్ వరుసలే. ముక్కలో ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్. చాలామంది చేతిలో పర్ల్ కుట్టు నిట్ కన్నా కొంచెం వదులుగా పడుతుంది. బట్ట వెనక వైపు తిప్పి వెలుతురుకు పట్టి చూస్తే, రెండేసి వరుసలకు మధ్య సన్నని గాడి పడి ఉండడం స్పష్టంగా కనిపిస్తుంది. పర్ల్ వరుసను పావు లేదా అర మిల్లీమీటరు సన్నటి సూదితో అల్లితే ఆ గాడి పోతుంది. గొట్టంగా అల్లబోయే పనికి నమూనా ముక్క కూడా నిట్ వరుసలతోనే అల్లాలి. ప్రతి వరుస చివర పని తిప్పకుండా కుట్లను సూది కుడి కొనకు జరిపి, దారాన్ని వెనక నుంచి బాగా వదులుగా తెచ్చి మళ్ళీ నిట్ మొదలుపెడితే చాలు.

మొదట్లో బిగువుగా, పోనుపోను వదులుగా వస్తోంది

ఇది చేతి లోపం కాదు, మనసు కుదుటపడిన గుర్తు. నమూనా ముక్కను జాగ్రత్తగా, కాస్త బిగబట్టి అల్లుతాం. సాయంత్రాలు ప్రశాంతంగా గడిచేకొద్దీ భుజాలు సడలుతాయి, వేళ్ళ మధ్య దారం వదులవుతుంది. దారాన్ని బలవంతంగా బిగించి సరిచేయాలని చూడవద్దు. అలా చేస్తే మణికట్టు నొప్పి పుడుతుంది, బట్టలో చారలు పడతాయి. ఒక జాన అల్లిన తరువాత ఆ బట్ట మీదే 10 సెంటీమీటర్లు మళ్ళీ కొలిచి, ఉతకని నమూనా ముక్క అంకెలతో పోల్చాలి. కుట్లు తగ్గి ఉంటే అర మిల్లీమీటరు సన్నటి సూదికి మారాలి. రోజులోని వేళనూ కూర్చునే చోటునూ బట్టి కూడా బిగువు మారుతుంది కనుక, నమూనా ముక్కను కూడా రోజూ అల్లే కుర్చీలోనే, అదే సాయంత్రం వేళ అల్లడం మంచిది.

అంచులు చుట్టుకుపోతున్నాయి

ముఖం వైపు అంతా నిట్, వెనక అంతా పర్ల్ ఉన్న బట్ట స్వభావమే అది. ఇస్త్రీ పెడితే కొంతసేపే నిలుస్తుంది, అక్రిలిక్ అనే కృత్రిమ దారమయితే వేడికి మెత్తబడి శాశ్వతంగా పాడవుతుంది. అంచుకు నాలుగైదు వరుసల రిబ్ (నిట్, పర్ల్ కుట్లు మార్చి మార్చి వేసే అల్లిక) గాని, అన్ని వరుసలూ నిట్‌గా వేసిన పట్టీ గాని కలపాలి. మెడ తలకు పట్టకపోతే మాత్రం చివరి కుట్లు బిగించి ముగించారని అర్థం. ఆ ఒక్క వరుస విప్పి, లావు సూదితో మళ్ళీ ముగించండి.

పెట్టెలోంచి తీసిన ఊలు పదే పదే తెగుతోంది

ఉండ పైపొరల్లో దగ్గర దగ్గరగా తెగుతూ ఉంటే అది పురుగు పని. బట్టల చిమ్మట పిల్లపురుగులు ఉన్నిని తింటాయి. అల్లడం ఆపి, ఆ ఉండను గాలి చొరబడని సంచిలో కట్టి, సున్నాకు 18 డిగ్రీలు తక్కువ ఉండే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. తీశాక మంచు చెమ్మ ఊలుకు అంటకుండా సంచి విప్పకుండానే గది వేడికి రానివ్వాలి. పెట్టెలో మిగిలినవాటినీ ఒక్కొక్కటిగా వెలుతురులో చూడండి.

సూది మీద ముద్రించిన అంకె తప్పు కావడం, కంపెనీ ఊలును తప్పు మందంలో చుట్టడం వంటివి ఎప్పుడో గాని జరగవు. రంగులో తేడా కనిపిస్తే లేబుల్ మీద రంగు విడత సంఖ్యలు (ఒకే విడతలో రంగు వేసిన ఊలుకు ఇచ్చే సంఖ్య) పోల్చండి. సంఖ్యలు వేరైతే రెండు ఉండలనూ రెండేసి వరుసల చొప్పున మార్చి మార్చి అల్లితే గీత పడదు.