రెండు వేల ఏళ్ల నాటి పార్స్ వెండి నాణేన్ని చదవడం ఎలా?

పార్స్ రాజు రెండో దారేవ్ గురించి చరిత్ర గ్రంథాలు దాదాపు ఏమీ చెప్పవు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో, నేటి ఇరాన్ నైరుతి మూలనున్న ఫార్స్ ప్రాంతాన్ని (నాటి పార్స్‌ను), అప్పట్లో ఇరాన్‌ను ఏలుతున్న పార్థియన్ చక్రవర్తులకు సామంతుడిగా ఏలినవాడు. ఆయన పాలనంతా దాదాపుగా చింతగింజ పరిమాణంలో ఉండే వెండి బిళ్లల మీదే మిగిలింది. అందుకే వాటిని చదవడం నేర్చుకుంటే ఒక రాజ్యాన్ని మన కళ్లతో మనమే తిరిగి కూర్చుకోవచ్చు. పెద్ద మ్యూజియాలు తమ వెబ్‌సైట్లలో పెట్టే ఫోటోలు చాలు, చేతిలో నాణెం ఉండనక్కరలేదు.

1. ముందు బరువు చూడండి.
ఫోటో కింద గ్రాముల్లో రాసి ఉంటుంది. దాదాపు 4 గ్రాములుంటే డ్రాక్మా (గ్రీకు పద్ధతి వెండి నాణెం), 2 గ్రాములుంటే అర డ్రాక్మా, అర గ్రాము దాటి కొద్దిగా ఉంటే ఓబోల్. ఓబోల్ అంటే డ్రాక్మాలో ఆరో వంతు. తొలినాటి పార్స్ పాలకులు దాదాపు 17 గ్రాముల పెద్ద నాణేలు కూడా వేయించారు. అంత బరువు కనిపిస్తే అది దారేవ్‌ది కాదు, ఆయనకు ముందు తరాలది.

2. బొమ్మ వైపు తిప్పి, ముఖం ఎటు చూస్తోందో గమనించండి.
తొలి పాలకులు మెత్తటి టోపీతో కుడివైపు చూస్తారు. గ్రీకు నాణేల పద్ధతి అది. పార్థియన్ల పెత్తనం వచ్చిన కొంతకాలానికి ముఖం ఎడమకు తిరిగింది. దారేవ్ కూడా ఎడమకే చూస్తాడు. గడ్డం, పార్థియన్ తరహా ఎత్తైన శిరస్త్రాణం, దాని మీద ఒక నెలవంక. ఆ నెలవంక దొరికిందంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

3. బొరుసు వైపు నిదానంగా చూడండి.
ఇక్కడ తొందర వద్దు. రాజు రాజదండం పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఒక వేదిక, దాని మీద మంట. అహుర మజ్దాను కొలిచే జరతుష్ట్ర మతస్థులకు అగ్ని పవిత్రం. మన దేశంలోని జరతుష్ట్ర మతస్థులకున్న పార్శీ అనే పేరు పార్స్ నుంచే వచ్చింది. హైదరాబాదు, సికింద్రాబాదుల్లో వారి అగ్ని ఆలయాలు నేటికీ ఉన్నాయి కానీ ఇతర మతస్థులకు లోపలికి ప్రవేశం ఉండదు. మనబోటి వారు గడప దాటి చూడలేని అగ్ని సన్నిధి ఈ వెండి బిళ్ల మీద కనిపిస్తుంది. నాకు ఈ వైపే ఇష్టం. వేరే రాజులు యుద్ధాన్నో, సింహాన్నో చెక్కించుకున్న చోట ఈయన అగ్ని ముందు నిలబడటాన్ని ఎంచుకున్నాడు.

4. ఇప్పుడు అక్షరాలు.
రాత అంచుల వెంట తిరుగుతుంది. లిపి పశ్చిమాసియాకు చెందిన ప్రాచీన అరమాయిక్, కుడి నుంచి ఎడమకు చదవాలి. అచ్చుల్లో చాలావాటికి గుర్తులుండవు. మొదట పేరు వెతక్కండి. రెండుసార్లు వచ్చే మాట కోసం చూడండి: మ-ల-క-అ. మల్కా, అంటే రాజు. మొదటి మల్కాకు ముందున్నది ఈ రాజు పేరు: ద-అ-ర-య-వ. రెండు మల్కాల నడుమ బ-ర-హ్, అంటే కొడుకు. దాని పక్కనే తండ్రి పేరు, వాద్‌ఫ్రదాద్. మొత్తం కలిపితే, 'వాద్‌ఫ్రదాద్ రాజు కొడుకు దారేవ్ రాజు'.

రెండు చిక్కులున్నాయి. అరమాయిక్‌లో ద, ర అక్షరాలు మన థ, ధ లాగే పొరబడేంత దగ్గర. పైగా ముద్ర కొట్టే దిమ్మ బిళ్ల కన్నా పెద్దదవడంతో తరచూ సగం రాత నాణెం బయటకు పోతుంది. ఒకే రాజువి నాలుగైదు నాణేలు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో లేని అక్షరాన్ని మరోదానిలో పట్టుకోవాలి.

మరో విశేషం. ఇరాన్ రాతగాళ్లు అరమాయిక్‌లో 'మల్కా' అని రాసి, పైకి 'షా' అని చదివే పద్ధతి తర్వాతి కాలంలో స్థిరపడింది. 5 అని రాసి మనం అయిదు అంటాం, హిందీవారు పాంచ్ అంటారు. అలాంటిదే.

5. వంశాన్ని కట్టండి.
అర్దఖ్‌షీర్ అనే రాజు నాణేల మీద 'దారేవ్ రాజు కొడుకు' అని ఉంటుంది. వహ్‌షీర్ అనే రాజు నాణేల మీదా అదే మాట. అంటే తండ్రి వాద్‌ఫ్రదాద్, కొడుకు దారేవ్, ఆ తర్వాత ఇద్దరు అన్నదమ్ములు. మూడు తరాలు మీ కాగితం మీదకు వచ్చేశాయి. 'రెండో' దారేవ్ అన్న అంకె మాత్రం నేటి పండితులు వేసినది, నాణెం మీద వెతక్కండి. సంవత్సరం కూడా ఉండదు, కాబట్టి ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఏలాడని ఎవరైనా కచ్చితంగా చెబితే నమ్మకండి. పార్స్‌కు సొంత రాజులున్నారని, వారు పార్థియన్లకు లోబడినవారని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. నాణెం చెబుతున్నదానికి అది సరిగ్గా సరిపోతుంది.

6. చివరగా ఒక సాసానియన్ నాణెం ఫోటో పక్కన పెట్టండి.
క్రీ.శ. 224లో ఇదే పార్స్ నుంచి లేచిన, సాసానియన్ రాజవంశాన్ని స్థాపించిన అర్దషీర్ పార్థియన్ చక్రవర్తిని యుద్ధంలో చంపాడు. చక్రవర్తిగా ఆయన వేయించిన నాణేల మీద ముఖం మళ్లీ కుడివైపు తిరిగింది. బొరుసు తిప్పితే అగ్నివేదిక, దాని మీద మంట.