అమ్మకు ఫోన్లోనే బ్యాలెన్స్ నేర్పిస్తున్నా

మా అమ్మ ఉండేది నల్లగొండ జిల్లా మర్రిగూడ పక్క పల్లెలో. డెబ్బై ఒక్కేళ్లు. నేను హైదరాబాద్ ఎల్బీనగర్‌లో ఫిజియోథెరపిస్టుని. పోయిన వానాకాలం అమ్మ వాకిట్లో జారి పడింది. ఎముకలకేం కాలేదు గానీ భయం పట్టుకుంది. భయంతో నడక తగ్గించింది, నడక తగ్గేసరికి కాళ్లలో సత్తువ పోయింది, గడప దాటాలన్నా తూలేది. వారానికి మూడుసార్లు బస్సెక్కి పోవడం నా వల్ల కాదు. అందుకే తూలకుండా నిలబడే బ్యాలెన్స్ కసరత్తులు వాట్సాప్ వీడియోలో మొదలుపెట్టా.

మొదటి రోజే నా తెలివి బయటపడింది. ప్లాస్టిక్ కుర్చీ వీపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమన్నా. బరువు పడగానే కుర్చీ ఆమె మీదికే ఒరిగింది. మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి వదిన రెక్క పట్టి ఆపింది. క్లినిక్‌లో అయితే నా చెయ్యి పేషెంటు నడుము దగ్గరే ఉంటుంది. ఫోన్లో ఆ చెయ్యి లేదు. ఇక్కడ నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఆ చేతికి బదులు పెట్టుకున్నవే.

పట్టుకోవడానికి ఇంట్లో అన్నిటికంటే మంచిది వంటగట్టు. నడుమెత్తు ఉంటుంది, కదలదు. వెనకాల గోడకు ఆనించి చెక్క కుర్సీ వేయండి, తూలితే అందులోనే కూలబడేలా. గచ్చు మీద తడి, చాప, పట్టా ఏవీ ఉండొద్దు. చీర కుచ్చిళ్లు మడమ పైకి చెక్కుకోవాలి. అడుగున పడి జారకుండా ఒకటి, నాకు పాదాలు కనపడటానికి ఒకటి. అరిగిన హవాయి చెప్పులు వద్దు. షుగరుండి అరికాళ్లు మొద్దుబారినవాళ్లు వట్టి కాళ్లతో చేయకూడదు. పాదానికి పట్టి ఉండే చెప్పులు వేసుకోవాలి.

ఫోన్‌ను ఏడెనిమిది అడుగుల దూరంలో బియ్యం డబ్బాకు ఆనించాం. మొహం పెద్దగా కనపడితే నాకేం లాభం? తల నుంచి పాదం దాకా కనపడాలి, ముఖ్యంగా పాదాలు. పక్కన మనిషి ఉండాల్సిందే. మాకు వదిన ఉంది. ఆమె అమ్మను పట్టుకోదు, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడుతుంది. ఇంకో రూలు: నా బొమ్మ ఆగినా, మాట ఆగినా అమ్మ వెంటనే కూర్చోవాలి. సిగ్నల్ సంగతి తెలిసిందే కదా. మధ్యలో వేరే ఫోనొస్తే వదిన చూసుకుంటుంది. ఫోన్ మోగిందని ఉరికి పడ్డవాళ్లు నా దగ్గరికి చాలామందే వచ్చారు.

మొదలుపెట్టే ముందు డాక్టరును అడగండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లలో కొందరికి పడుకుని లేవగానే కళ్లు తిరుగుతాయి. పడుకున్నప్పుడు చూసిన పై బీపీ, నిలబడ్డ మూడు నిమిషాల లోపల ఇరవై తగ్గిందంటే, ముందు ఆ సంగతి తేలాలి. ఈమధ్యే పక్షవాతం వచ్చినవాళ్లకు, పడ్డాక తుంటి నొప్పి పోనివాళ్లకు ఫోన్లో నేర్పొద్దు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి ఒక పరీక్ష ఉంది. గట్టు పక్కనే నిలబడి, చెయ్యి ఆనించకుండా, ఒక్కోటి పది సెకన్లు. మొదట రెండు పాదాలూ ఆనించి. తర్వాత పాదాలు ఆనుకునే ఉండగా ఒకటి అర పాదమంత ముందుకు. మూడోది ముందు కాలి మడమ, వెనక కాలి వేళ్లకు తగిలేలా. చివరిది ఒంటికాలి మీద. మూడోది పది సెకన్లు నిలవలేదంటే పడే ముప్పు ఎక్కువున్నట్టే. అమ్మ నాలుగు సెకన్లు నిలిచింది. 'గింతేనా బిడ్డా, నాట్లేసిన కాళ్లు గివి!' అని మాత్రం అంది.

ఇక అసలు పని, వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున. ముందు ఉన్నచోటే నడక. తర్వాత కుర్సీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం; రాకపోతే ఒక చెయ్యి ఆనించొచ్చు. మునివేళ్ల మీద లేవడం, మడమల మీద నిలబడి వేళ్లు లేపడం, కాలు పక్కకు చాపడం, పదేసిసార్లు. ఆ తర్వాతే బ్యాలెన్స్: మడమకు వేళ్లు ఆనించి నిలబడటం, అలాగే గట్టు వెంట నడవడం, వెనక్కి అడుగులు. రెండు చేతుల ఆసరాతో మొదలుపెట్టి ఒక చెయ్యి, తర్వాత రెండు వేళ్లు, చివరికి వట్టి చేతులు. ఒక్క మెట్టుకు రెండు వారాలైనా పట్టొచ్చు. కొంచెం ఊగాలి, ఊగకపోతే ఒంటికి పని తగిలినట్టు కాదు. పాదం కదిలిపోతే మాత్రం ఒక మెట్టు కిందికి దిగాలి.

ఇది నా సొంత వైద్యమేం కాదు. న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ వాళ్లు ఇంట్లో చేసే కసరత్తులు తయారుచేసి, కొన్నిసార్లు ఇంటికెళ్లి నేర్పి, మధ్యలో ఫోన్లో కనుక్కుంటూ చేయించారు. పడటాలు ముప్పై అయిదు శాతం దాకా తగ్గాయి. మానేస్తే మాత్రం వచ్చిన బలం పోతుంది.

మా వైపు ఇంకో చిక్కుంది. మర్రిగూడ, మునుగోడు దిక్కు పాతతరం ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగింది. కొందరికి మెడ తిరగదు, నడుము వంగదు, మోకాళ్లు పూర్తిగా చాపుకోవు. పుస్తకంలో ఉందని తల తిప్పుతూ నడవమంటే వాళ్లు పడిపోతారు. అమ్మకు మెడ బిగుసుకుపోయింది, అందుకే మనిషంతా తిరిగే మలుపులే నేర్పా, చిన్న చిన్న అడుగులతో. బలవంతంగా చాపడం, వంచడం అసలే వద్దు.

పడితే ఏం చేయాలో కూడా నేర్పాలి, మంచం పక్కన నేనున్న రోజే. గభాలున లేవకూడదు. ఊపిరి తీసుకుని, నొప్పి చూసుకుని, పక్కకు దొర్లి, మోకాళ్లూ చేతుల మీద పాకుతూ కుర్సీ దగ్గరికి పోవాలి. మోకాళ్లు వంగనివాళ్లు పక్కనున్నవాళ్లను కేకేసి అక్కడే ఉండాలి. తుంటి కదలకపోయినా, తలకు తగిలినా లేపొద్దు, 108కి ఫోన్ చేయాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు తలకు చిన్న దెబ్బ తగిలినా ఆస్పత్రికి పోవాలి.

నెలకోసారి సాగర్ రోడ్డు బస్సెక్కి మాల్ అనే ఊళ్లో దిగి మా పల్లెకు పోతా. చెప్పుల అడుగు, కళ్లద్దాలు, బాత్రూంలో బిగించిన పట్టుకునే కడ్డీ, ఫోన్లో కనపడనివి చూసుకుని వస్తా. పోయినసారి అమ్మ మూడో నిలుపు పది సెకన్లు నిలిచింది. దిగమంటే దిగలేదు, వదిన పదిహేను దాకా లెక్కపెట్టింది.