కంపెనీ పెరుగుతుంటే సర్వర్ కీలు ఎవరికి, ఎలా ఇవ్వాలి?

ఐదుగురున్నప్పుడు సర్వర్ కీ ఫైలును (సర్వర్‌లోకి లాగిన్ కావడానికి పాస్‌వర్డ్‌లా వాడే ఫైలు) వాట్సాప్‌లో పంపేసుకున్నా పని నడిచిపోతుంది. యాభై మంది అయ్యేసరికి అది ఎన్ని ల్యాప్‌టాపుల్లో, ఎన్ని బ్యాకప్పుల్లో ఉందో ఎవరూ చెప్పలేరు. ఒకరు మానేస్తే అందరి దగ్గరా కీ మార్చాలి. చాలాచోట్ల మార్చరు, ప్రమాదమంతా అక్కడే.

1. ముందు లెక్క తేల్చండి. ప్రతి కీ దేనికి, ఎక్కడుంది, బాధ్యులెవరు అన్నది ఒక షీట్‌లో రాయండి. కీని మాత్రం అందులో పెట్టొద్దు. గిట్‌లోకి (కోడ్‌లో ప్రతి మార్పునూ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) ఎక్కిన కీలు కూడా వెతకండి. ఫైలు డిలీట్ చేసినా పాత హిస్టరీలో అది ఉంటుంది కాబట్టి దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సిందే.

2. లాగిన్ కీ జతగా ఉంటుంది: తన దగ్గరే దాచుకునే ప్రైవేట్ కీ, సర్వర్‌లో పెట్టే పబ్లిక్ కీ. ప్రైవేట్ కీని ఎవరికీ పంపొద్దు. ఉద్యోగి తన ల్యాప్‌టాప్‌లోనే ఈడీ25519 రకం కీ జతను తయారుచేసుకుని, దానికి పాస్‌ఫ్రేజ్ (పొడవాటి పాస్‌వర్డ్) పెట్టుకుని, పబ్లిక్ కీని మాత్రమే మీకివ్వాలి. అది రహస్యం కాదు గానీ, నిజంగా ఆ మనిషిదేనా అన్నది తేలాలి. వీడియో కాల్‌లో ఆ కీ ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే చిన్న అక్షరాల వరుస) చదివించి, మీ దగ్గరున్న దానితో అక్షరం అక్షరం సరిచూడండి.

3. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) సర్టిఫికెట్లకు మారండి. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. 40 మంది, 60 సర్వర్లు ఉంటే, ఒక్కొక్కరి పబ్లిక్ కీని ప్రతి సర్వర్‌లో చేర్చడమంటే 2,400 ఎంట్రీలు. ఈ లాగిన్‌కు వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్‌లో 2010 నుంచే దీనికి మార్గం ఉంది. సర్వర్లన్నిటిలో సర్టిఫికెట్ అథారిటీ (కంపెనీ తరఫున సర్టిఫికెట్లు జారీచేసే వ్యవస్థ) పబ్లిక్ కీ ఒక్కటే పెడతారు. ఉద్యోగి పొద్దున కంపెనీ లాగిన్‌తో ప్రవేశించగానే, ఆ అథారిటీ అతని పబ్లిక్ కీ మీద ఎనిమిది గంటలు చెల్లే సర్టిఫికెట్ సంతకం చేసి ఇస్తుంది. ఏ ఖాతాతో లాగిన్ కావచ్చో కూడా అందులోనే ఉంటుంది. గడువు తీరితే దానంతటదే చెల్లదు. సంతకం చేసే కీ మాత్రం ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ ఉండకూడదు. దాన్ని హెచ్ఎస్ఎమ్‌లోనో (కీ బయటికి రాకుండా దాచే పరికరం) క్లౌడ్ కేఎమ్ఎస్‌లోనో (క్లౌడ్ కంపెనీలు ఇచ్చే కీలు దాచే సేవ) ఉంచండి. మారాక సర్వర్లలోని పాత ఎంట్రీలు తీసేయడం మరవొద్దు. అవి ఉన్నంతకాలం పాత దారి తెరిచే ఉంటుంది.

4. ప్రోగ్రాములు వాడే కీలను కోడ్‌లోంచి తీసి వాల్ట్ (రహస్యాలను భద్రంగా దాచే సాఫ్ట్‌వేర్) లాంటి చోటికి మార్చండి.

5. ఎవరైనా మానేస్తే హెచ్ఆర్ నుంచి అదే రోజు కబురు అందాలి. వాళ్ల లాగిన్ ఆపాలి, వాళ్లకు తెలిసిన ఉమ్మడి కీలన్నీ మార్చాలి. ఎవరూ మానేయని వారంలో ఒక కీని మార్చి చూడండి. ఏ సర్వీసు ఆగిపోతుందో తీరుబడిగా తెలుస్తుంది.

6. అన్నిటికీ మూలమైన కీని ఒక్కరి చేతిలో పెట్టొద్దు. 1979లో గూఢలిపి శాస్త్రవేత్త ఆది షమీర్ చూపిన పద్ధతిలో దాన్ని ఐదు ముక్కలు చేస్తే, ఏ మూడు కలిసినా తెరుచుకుంటుంది. రెండే ఉంటే ఏమీ తెలియదు. ఐదుగురూ ఒకే టీమ్ వాళ్లు కాకుండా చూడండి. ఏడాదికోసారైనా ముగ్గురిని కూర్చోబెట్టి నిజంగా తెరిపించండి. ల్యాప్‌టాప్ మార్చినప్పుడు ఎవరి ముక్కయినా పోయి ఉంటే, మిగతా నాలుగూ చేతిలో ఉండగానే కొత్తగా పంచుకోవచ్చు.