పాత యుద్ధకాలపు పిస్తోలు: మ్యాగజైన్ దానిదేనా, ముద్రలు ఏం చెబుతున్నాయి?

సైన్యంలో తుపాకుల మరమ్మతు పని చేసి, రిటైరయ్యాక విజయవాడలో స్థిరపడ్డాను. తాతల నాటి పిస్తోలు లైసెన్సుతో సహా చేతికొచ్చిన వారసులు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం మ్యాగజైన్, అంటే పిడిలో అమర్చే తూటాల పెట్టె, దగ్గరే మొదలవుతాయి.

ఏ ముద్ర చూడాలన్నా ముందు పిస్తోలు ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. మ్యాగజైన్ తీసేసినా చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే గది) ఒక తూటా మిగిలి ఉండవచ్చు. లూగర్ అనే జర్మన్ పిస్తోలులో చాంబర్ నిండి ఉంటే పైనున్న చిన్న పట్టీ కాస్త లేచి, దాని ఎడమ పక్కన ‘గెలాడెన్’ అనే జర్మన్ మాట కనిపిస్తుంది. నిండి ఉందని దాని అర్థం. సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) దగ్గర కనిపించే ‘గెజిషెర్ట్’ అంటే భద్రంగా ఉందని. ఈ రెండు మాటలనూ తయారీదారు పేర్లనుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. పట్టీని ఒక్కదాన్నే నమ్మకండి, వెనక్కి లాగి చాంబర్‌ను కళ్లతో చూడండి.

సమస్య: మ్యాగజైన్ అడుగున ఉన్న నంబరు పిస్తోలు నంబరుతో కలవడం లేదు.

లూగర్ పీ08 విషయంలో ఇది అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న. జర్మన్ సైన్యం పిస్తోలు సీరియల్ నంబరునే మ్యాగజైన్ అడుగు మీద కూడా కొట్టేది. నంబరు పదివేల దాకా వెళ్లి మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేది, మొదటి వరుస తర్వాత ప్రతి వరుసకూ కింద ఒక చిన్న అక్షరం చేర్చేవారు. అందుకే అంకెలు కలిసినా అక్షరం కలవకపోతే అది ఇంకో పిస్తోలుది. నంబరు పక్కన కూడిక గుర్తు ఉంటే అది ఆ పిస్తోలుకే ఇచ్చిన రెండో మ్యాగజైన్ అని అర్థం, దాన్ని చూసి తప్పు ముద్ర అనుకోకండి.

నంబరు కలవకపోవడానికి కారణం చాలాసార్లు మామూలుదే. ఎన్నో పిస్తోళ్లను ఒకేచోట శుభ్రం చేసేటప్పుడు మ్యాగజైన్లు తారుమారవుతాయి. ఇక్కడ చేయవలసిన పని ఏమీ లేదు. రెండు నంబర్లనూ నోటు పుస్తకంలో రాసుకుని, మ్యాగజైన్‌ను అలాగే ఉంచండి.

నన్ను బాధపెట్టేది దీనికి తలకిందులుగా ఉండే సంగతి, నంబరు కావాలని కలిపి పెట్టడం. మాచవరం నుంచి ఒక కుటుంబం తెచ్చిన లూగర్ మీద 1917 అని ఉంది. మ్యాగజైన్ అడుగు అల్యూమినియంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి మ్యాగజైన్లకు అడుగు చెక్కతో ఉండేది, అల్యూమినియం తర్వాతి కాలానిది. అయినా అంకెలు అచ్చంగా కలిశాయి! భూతద్దం పెట్టి చూశాను. అడుగంతా సొట్టలు పడి బూడిద రంగుకు తిరిగితే, అంకెల లోపలి లోహం మాత్రం కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది. అంచులు వేలికి గుచ్చుకుంటున్నాయి. అక్షరం అసలే లేదు. ఎవరో ఆ తర్వాత కొట్టారు. ఆ ఇంటి పెద్దాయన ముఖం చిన్నబోయింది. ఆ అంకెలను అరగదీయించవద్దనీ, తప్పు కూడా ఆ వస్తువు చరిత్రలో భాగమేననీ చెప్పి పంపాను.

సమస్య: పిస్తోలు మీద ‘42’ ఉంది, 1942లో చేసిందేనా?

ఆ అంకె ఎక్కడుందో చూడాలి. వెనక మడత పడే టాగిల్ మీద ‘ఎస్/42’ గానీ ఉత్త ‘42’ గానీ ఉంటే అది లూగర్లు చేసిన మౌజర్ అనే జర్మన్ కర్మాగారపు రహస్య సంకేతం. మొదటిది 1934 నుంచి, రెండోది 1939 నుంచి వాడారు. తయారైన ఏడు చాంబర్ పైన వేరుగా ఉంటుంది. 1934కు ‘కె’, 1935కు ‘జి’ అనే అక్షరాలే ఉంటాయి. ఆ తర్వాత టాగిల్ మీద సంకేతం ‘బీవైఎఫ్’గా మారింది. అలాంటి పిస్తోలు చాంబర్ మీద ‘42’ ఉంటే అప్పుడు మాత్రం అది 1942వ సంవత్సరమే.

సమస్య: మ్యాగజైన్ లోపలికి పోవడం లేదు.

మ్యాగజైన్ పక్కన ‘పీ.38’ అని ఉందేమో చూడండి. వాల్థర్ పీ38 అనే మరో జర్మన్ పిస్తోలు మ్యాగజైన్‌లోనూ లూగర్‌దానిలాగే ఎనిమిది తూటాలే పడతాయి, చూపుకు రెండూ దగ్గరగా ఉంటాయి కానీ ఒకదానిది ఇంకోదానికి పట్టదు. బలవంతంగా తోస్తే పెదవులు (తూటాను పట్టి ఉంచే మ్యాగజైన్ పై అంచులు) వంగిపోతాయి. సరైనది విదేశం నుంచి తెప్పించుకుందామనుకుంటే తొందరపడకండి, మ్యాగజైన్ కూడా ఆయుధ భాగమే. ముందు లైసెన్సు అధికారిని అడగండి.

ఇక మ్యాగజైన్ ఎంతకీ బయటికి రావడం లేదంటే అది మౌజర్ సీ96 కావచ్చు. చాలా సీ96లలో మ్యాగజైన్ చట్రంలోనే ఉంటుంది, తూటాలను క్లిప్‌తో (తూటాలను వరసగా పట్టి ఉంచే లోహపు పట్టీ) పైనుంచి దించుతారు. పిడి మీద ఎర్ర రంగు 9 ఉంటే అది 9 మిల్లీమీటర్ల తూటాకు గుర్తు, మామూలువి 7.63వి. దాన్ని లాగి, తట్టి పాడుచేయకండి.

సమస్య: ముద్రలు అలుక్కుపోయాయి, చదవడానికి రావడం లేదు.

మన ఇళ్లలో దీనికి కారణం ఎక్కువగా చింతపండు. ఇత్తడి బిందెను తోమినట్టు పిస్తోలును తోముతారు. పులుపు నల్లటి పూతను తినేస్తుంది, పీచు అక్షరాల అంచులను అరగదీస్తుంది. అచ్చు కొట్టినప్పుడు లోహం అంచుల్లో కొద్దిగా పైకి లేస్తుంది, ఆ లేపు పోయిందంటే ఎవరో రుద్దారన్నమాట. పోయినది తిరిగి రాదు, కొత్త పూత వేయిస్తే మిగిలింది కూడా పోతుంది. కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు మెత్తటి గుడ్డ మీద వేసి తుడిస్తే చాలు. మసక ముద్రను చదవాలంటే చీకటి గదిలో టార్చిని పక్కవాటంగా పెట్టి ఫొటో తీయండి, నీడలో అక్షరం లేచి కనిపిస్తుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు. ఏళ్లు గడిచేసరికి జిగురై స్ప్రింగును పట్టేస్తుంది.

జర్మన్‌వి కాని ముద్రల్లో, బాణపు ములికి లాంటి గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి, దాని కింద ‘ఐ’ ఉంటే భారత సైన్యానికి, ‘సి’ లోపల ఉంటే కెనడాకు చెందినవి. రెండు బాణాలు మొన కలిపి ఉంటే సైన్యం దాన్ని అమ్మేసిందని.

లైసెన్సు ఉన్న పెద్దవారు పోయి, పిస్తోలు బీరువాలోనే ఉండిపోతే ముద్రల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు దాన్ని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోండి. ఆ రసీదులో సీరియల్ నంబరును అక్షరంతో సహా, మ్యాగజైన్ నంబరును విడిగా రాయించండి.