గౌట్ ఉన్నవారి కన్ను ఎర్రబడితే, మసకబారితే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎక్కువ. ఒంట్లోని యూరిక్ యాసిడ్‌లో దాదాపు మూడింట రెండు వంతులు బయటికి పోయేది మూత్రపిండాల నుంచే. అవి నీరసిస్తే అది రక్తంలో పేరుకుని, కీళ్లలో స్ఫటికాలు కట్టి వాపు, నొప్పి తెచ్చే గౌట్ రావచ్చు. బొటనవేలు వాస్తే అందరికీ తెలుస్తుంది, కంటి సంగతే ఎవరూ పట్టించుకోరు.

సమస్య: కన్ను ఎర్రగా ఉంది, నొప్పి లేదు, చూపు బాగుంది.
కారణం: యూరిక్ యాసిడ్ ఎక్కువైనవారిలో తెల్లగుడ్డు మీది రక్తనాళాలు ఉబ్బవచ్చు. పొడిబారడం, దుమ్ము కూడా కావచ్చు.
పరిష్కారం: రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే కంటి డాక్టరుకు చూపించండి. యూరిక్ యాసిడ్ పరీక్ష కూడా చేయించండి. డెసిలీటరు రక్తంలో 6.8 మిల్లీగ్రాములు దాటితే స్ఫటికాలు కట్టే వీలుంది. గౌట్ ఉన్నవారికి 6 లోపు ఉండాలి.

సమస్య: రెప్ప మీద సుద్దలాంటి గడ్డ.
కారణం: గౌట్‌లో చెవి అంచున, వేళ్ల కీళ్ల దగ్గర కట్టే యూరిక్ యాసిడ్ గడ్డే అరుదుగా ఇక్కడా వస్తుంది.
పరిష్కారం: గిల్లకండి. యూరిక్ యాసిడ్ అదుపులో ఉంటే నెలల మీద కరుగుతుంది.

సమస్య: కంట్లో లోతుగా నొప్పి, వెలుగు చూడలేకపోవడం, మసక.
కారణం: కంటి లోపలి పొరల వాపు. గౌట్ వల్ల రావడం అరుదు. వెన్ను బిగుసుకునే వాతం ఉన్నవారిలోనే ఎక్కువ. అందుకే నెపమంతా గౌట్ మీదకు నెట్టేయకూడదు.
పరిష్కారం: ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లండి. దుకాణంలో చుక్కల మందు అడిగి వేసుకోవద్దు.

సమస్య: యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాల్లో దద్దుర్లు, నోటిపూత, కళ్ల ఎరుపు.
కారణం: ఆ మందు పడకపోవడం. అరుదే గాని ప్రాణాంతకం.
పరిష్కారం: మాత్ర ఆపి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

సమస్య: నొప్పి లేకుండా చూపు మెల్లగా తగ్గుతోంది.
కారణం: నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. మా పెదనాన్నగారిది ఉద్దానంలోని కవిటి. వేలు వాచినప్పుడల్లా దుకాణంలో కట్టించుకున్న మాత్రల పొట్లం చొక్కా జేబులో ఉండేది. వేసుకున్న పూటకే నొప్పి పోయేది. రెండేళ్లకు ఎదురుగా వచ్చే మనిషి ముఖం ఆనడం మానేసింది. ఆ మాత్రల్లో ఒకటి స్టెరాయిడ్. చాలాకాలం వాడితే శుక్లాలు తెస్తుంది, కంటిలో ఒత్తిడి పెంచుతుంది. శుక్లం తీయించాక ఆయనకు చూపు వచ్చింది. ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తే పోయిన చూపు తిరిగి రాదు.
పరిష్కారం: కంటి ఒత్తిడి కొలిపించుకోండి. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఉద్దానంలో ఉన్నవారైతే మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి, ఎందుకంటే మామూలు నొప్పి మాత్రలు మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయి. మిగిలిన మాత్రలు పారేయకుండా ఆ పొట్లంతోనే డాక్టరు ముందు పెట్టండి.