పాత హోండా ఇంజన్ల విద్యుత్ పని, 3వ పాఠం: డిస్ట్రిబ్యూటర్ మార్పిడికి అడాప్టర్ తయారీ

గత రెండు పాఠాలలో వైరింగ్ పటం చదవడం, మీటరుతో తీగను ఒక కొస నుంచి మరో కొస దాకా వెతికి పట్టుకోవడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో ఆ రెండింటినీ ఒక నిజమైన పనికి వాడదాము. అమెరికాలో 1996 నుంచి ఓబీడీ-2 (బండి కంప్యూటరు తన లోపాలను తానే పట్టుకునే పద్ధతిలో రెండో తరం) తప్పనిసరి కావడంతో, ఆ ఏటి నుంచి 1998 వరకు వచ్చిన హోండా సివిక్‌ల డిస్ట్రిబ్యూటర్ (సిలిండర్లకు వంతులవారీగా స్పార్క్ పంచే భాగం) కనెక్టరు అంతకు ముందరి 1992-95 బండ్ల కనెక్టరుకు భిన్నంగా తయారైంది. అందువల్ల ఓబీడీ-1 కాలపు (అంటే ఆ 1992-95 తరపు) ఇంజనును దాని డిస్ట్రిబ్యూటర్‌తో సహా తెచ్చి 1996-98 సివిక్‌లో కూర్చోబెట్టినవారికి, ఇంజను చక్కగా అమరినా డిస్ట్రిబ్యూటర్ కనెక్టరు మాత్రం కలవదు. (మన దేశంలో 1998లో విడుదలైన తొలి హోండా సిటీలోనివి కూడా సివిక్‌లలో వాడిన డి-సిరీస్ కుటుంబపు ఇంజన్లే, కానీ ఈ పాఠంలోని రంగులను దానికి అన్వయించకండి.)

అడాప్టర్ తీగల దారిని మార్చగలదే తప్ప సంకేతాన్ని మార్చలేదు. ఓబీడీ-1 డిస్ట్రిబ్యూటర్ లోపలి చక్రాలకు క్రాంక్ సెన్సరు వద్ద 24, టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం) సెన్సరు వద్ద 4, సిలిండర్ సెన్సరు వద్ద 1 చొప్పున పళ్లుంటాయి; అంతకు ముందరి ఓబీడీ-0 తరంలో క్రాంక్ సెన్సరు చక్రానికి 16 పళ్లే. 24 పల్సులను లెక్కించే కంప్యూటరుకు 16 పల్సులు అందిస్తే, అడాప్టర్ ఎంత పొందికగా చేసినా స్పార్క్ సరైన వేళకు పడదు. మనం ఎంచుకున్న జతలో రెండు వైపులా లెక్క ఒకటే కనుక పని సాధ్యమవుతుంది.

కలపవలసిన తీగలు తొమ్మిది. మూడు సెన్సర్లకు రెండేసి చొప్పున ఆరు, కాయిల్‌కు 12 వోల్టులు తెచ్చేది ఒకటి, కంప్యూటరు నుంచి ఇగ్నైటర్‌కు (కాయిల్‌ను నడిపే స్విచ్‌కు) ఆజ్ఞ తెచ్చేది ఒకటి, టాకోమీటరుకు (ఇంజను వేగం చూపే మీటరుకు) వెళ్లేది ఒకటి. 1992-95 బండి హార్నెస్‌లో (తీగల కట్టలో) క్రాంక్ జత నీలం-ఆకుపచ్చ, నీలం-పసుపు చారల తీగలు. టీడీసీ జత నారింజ-నీలం, తెలుపు-నీలం. సిలిండర్ జత నారింజ, తెలుపు. 1996-98 బండిలో అవే జతలు వరుసగా నీలం, తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నలుపు. ప్రతి జతలోనూ నేను మొదట చెప్పిన తీగ ధన ధ్రువం. రంగుకు రంగు కలుపుదామని కూర్చుంటే పాత సిలిండర్ సెన్సరు తెలుపు తీగ కొత్త క్రాంక్ సెన్సరు తెలుపు తీగకు చేరుతుంది. అంతేకాక 1996-98 హార్నెస్‌లో టాకోమీటరు తీగ కూడా నీలమే. కాబట్టి కాగితం మీద పట్టికను రంగుల వారీగా కాక పనుల వారీగా రాసుకోండి. రాసినదాన్ని మీ బండి ఏడాదికి, మోడల్‌కు చెందిన పటంతో సరిచూసుకోండి.

పిన్నుల వరుస రాసేటప్పుడు కనెక్టరును ఏ వైపు నుంచి చూస్తున్నారో ముందే రాసిపెట్టుకోవాలి. తీగలు దూరే వైపు నుంచి గీసిన బొమ్మను ముఖం వైపు నుంచి చూస్తున్నట్టు చదివితే ఎడమ కుడి అవుతుంది, జత అంతా తారుమారవుతుంది. అడాప్టర్‌కు రెండు కొసలు ఉంటాయి, ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు రకాలు, కాబట్టి ఈ గందరగోళం రెట్టింపవుతుంది. ప్రతి తీగకూ రెండు కొసల్లోనూ ఒకే అంకె రాసిన టేపు చుట్టడం నాకు తెలిసిన అత్యుత్తమ పద్ధతి.

ధ్రువతను ఇంతగా పట్టించుకోవడానికి కారణముంది. ఈ సెన్సర్లు అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసేవి. పన్ను దగ్గరకు వచ్చి దాటిపోతుండగా వాటి వోల్టేజి ఒక వైపు లేచి, పన్ను ఎదురుగా ఉన్న క్షణంలో సున్నాను దాటి రెండో వైపు పడిపోతుంది. కంప్యూటరు ఆ దాటే క్షణాన్నే గుర్తుగా పట్టుకుంటుంది. తీగలు తారుమారైతే దానికి సరైన క్షణం కాక మరొకటి దొరుకుతుంది. ఇంజను స్టార్ట్ అయినా టైమింగ్ గుర్తు (స్పార్క్ వేళను సరిచూసే పుల్లీ మీది గీత) నిలకడగా ఉండదు.

కనెక్టర్ల కోసం బండి హార్నెస్‌ను కోయవద్దు. పాడైన డిస్ట్రిబ్యూటర్ నుంచి ఒకటి, తుక్కు యార్డులో దొరికే హార్నెస్ ముక్క నుంచి మరొకటి, ఒక్కోదానికి జానెడు తీగ ఉండేలా కోసి తెచ్చుకోండి. సెన్సర్లకు 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ చాలు. కాయిల్‌కు వెళ్లే నలుపు-పసుపు తీగలో కరెంటు ఎక్కువ కనుక అక్కడ 1.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గవద్దు. క్రాంకింగ్ వేళ సెన్సర్ల వోల్టేజి చాలా తక్కువగా ఉంటుంది. అందుకని ప్రతి జతనూ మెలితిప్పి, ప్లగ్ వైర్లకు దూరంగా నడపండి. అతుకులకు టంకం కన్నా మంచి క్రింపింగ్ (లోహపు తొడుగును నొక్కి తీగలను బిగించడం) మేలని నా అభిప్రాయం, ఎందుకంటే టంకం పాకిన చోట తీగ బిరుసెక్కి, ఇంజను అదురుకు సరిగ్గా ఆ అంచున తెగుతుంది. క్రింప్ చేసిన తర్వాత లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. గొట్టాన్ని ముందే తీగకు ఎక్కించుకోవాలని వేరే చెప్పాలా!

ఇక పరీక్ష. బ్యాటరీ రుణ తీగ విప్పి, అడాప్టర్‌ను బండికి తగిలించకుండానే తొమ్మిది దారులనూ కొస నుంచి కొసకు మీటరుతో చూడండి. ప్రతి తీగ మిగిలిన ఎనిమిదింటిలో దేనికీ తగలడం లేదని కూడా నిర్ధారించుకోండి. తర్వాత డిస్ట్రిబ్యూటర్‌కు మాత్రమే తగిలించి, బండి వైపు కొస దగ్గర మూడు జతల నిరోధం కొలవండి. చల్లని ఇంజనుపై ఒక్కొక్కటి 350 నుంచి 700 ఓముల మధ్య ఉండాలి. ఏ తీగకూ డిస్ట్రిబ్యూటర్ లోహపు ఒంటితో సంబంధం ఉండరాదు. అయితే నిరోధం ధ్రువతను చెప్పదు, దానికి మీరు రాసుకున్న పట్టికే ఆధారం. ఈ అంకెలు కుదిరాకే హార్నెస్‌కు కలిపి, బ్యాటరీ తీగ బిగించి, తాళం తిప్పి, నలుపు-పసుపు తీగలో బ్యాటరీ వోల్టేజి వస్తున్నదో లేదో చూడండి.

ఇంజను స్టార్ట్ కాక స్కానరులో పి0335 కనిపిస్తే క్రాంక్ జతను, పి1362 అయితే టీడీసీ జతను, పి1382 అయితే సిలిండర్ జతను మళ్లీ వెతకండి. స్టార్ట్ అయితే టైమింగ్‌ను ఇంకా తాకవద్దు, ఎందుకంటే హోండాలో కంప్యూటరును సర్వీస్ స్థితిలో ఉంచకుండా గుర్తు చూడడం వృథా. టైమింగ్ లైటును, రెండు పిన్నుల సర్వీస్ చెక్ కనెక్టరును 4వ పాఠంలో చేతికి తీసుకుందాము.