పాత స్నోమొబైల్‌కు దొరకని విడిభాగాలు చేయించుకోవడం ఎలా?

1959లో కెనడాలోని వాల్‌కోర్ట్‌లో బొంబార్డియర్ కంపెనీ స్కీ-డూ అనే స్నోమొబైల్‌ను (మంచు మీద నడిచే మోటారు బండిని) మార్కెట్లోకి తెచ్చాక, ఉత్తర అమెరికాలో స్నోమొబైల్ కంపెనీలు వరుసగా పుట్టుకొచ్చాయి. 1970లు ముగిసేసరికి వాటిలో చాలావరకు మూతపడ్డాయి. అందుకే ఆనాటి బండిని బాగుచేస్తుంటే ఏదో ఒక భాగం దొరక్క పని ఆగిపోతుంది. అప్పుడు దాన్ని కొత్తగా చేయించుకోవాల్సిందే.

1. ముందు బాగా వెతకండి. బేరింగులు, సీళ్లు చాలావరకు ప్రామాణిక సైజులే, వాటి మీది నంబరుతో ఇప్పటికీ దొరుకుతాయి. శాక్స్, కోలర్ వంటి ఇంజన్లను చాలా కంపెనీలు వాడాయి కాబట్టి బండి పేరుతో కాక ఇంజన్ మోడల్‌తో వెతకండి.

2. విరిగిన ముక్కలు ఒక్కటీ పారేయకండి, కొలతలకు పనికొస్తాయి. కానీ అరిగిన భాగాన్ని కొలిచి అదే సైజు చేయిస్తే అరుగుదలతో సహా తయారవుతుంది. అది కూర్చునే రంధ్రాన్ని, దానిలో తిరిగే షాఫ్ట్‌ను వెర్నియర్‌తో కొలవండి. రెండోవైపు అలాంటి భాగమే బాగుంటే దాంతో సరిచూడండి. అమెరికా ఛాసిస్‌లో జర్మన్ ఇంజన్ ఉంటే ఒకే బండిలో అంగుళాల బోల్టులు, మిల్లీమీటర్ల బోల్టులు రెండూ ఉంటాయి, జాగ్రత్త.

3. ఏ పదార్థంతో చేయించాలన్నదే అసలు ప్రశ్న. బయట గడ్డకట్టే చలి, ఇంజన్ దగ్గర సెగ: రెండింటినీ తట్టుకోవాలి. విండ్‌షీల్డ్‌కు అక్రిలిక్ కన్నా పాలీకార్బొనేట్ మేలు, దెబ్బ తగిలినా అంత తేలిగ్గా పగలదు. ట్రాక్ (బండిని నడిపే రబ్బరు పట్టీ) లోపలి పట్టాలకు తొడిగే స్లైడర్లు అరుగుదలను బాగా తట్టుకునే యూహెచ్‌ఎమ్‌డబ్ల్యూ పాలిథిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేయించండి. త్రీడీ ప్రింటింగ్‌లో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. సరిపోతుందో లేదో చూసుకునే నమూనాకు అది భేషుగ్గా పనికొస్తుంది, బండిలో మాత్రం ఉంచకూడదు. ఫైబర్‌గ్లాస్ హుడ్‌కు (ఇంజన్ మీది మూతకు) అచ్చు తీసే ముందు పాత హుడ్ పగుళ్లు పూడ్చి, నున్నగా రుద్ది, అచ్చు అంటుకుపోకుండా రిలీజ్ వ్యాక్స్ పట్టించాలి. ప్రతి గీతా అచ్చులోకి దిగుతుంది మరి.

4. క్లచ్, బ్రేకు, స్టీరింగ్ భాగాల జోలికి సొంతంగా వెళ్లొద్దు. నిమిషానికి వేల చుట్లు తిరిగే క్లచ్ పగిలితే ముక్కలు తూటాల్లా దూసుకొస్తాయి. పగుళ్లు లేని పాత అసలు క్లచ్చే వెతుక్కోండి. దాని మీది గార్డును ఎప్పుడూ తీసేయకండి. ఈ విషయంలో నేను రాజీపడను.

5. నమూనా బిగించి, ఇంజన్ ఆపే ఉంచి, ఆ భాగాన్ని చేత్తో తిప్పి చూడండి. ఎక్కడా రాసుకోకపోతేనే అసలుది చేయించండి. మొదటి చిన్న ప్రయాణం తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించండి.

కొత్త భాగం లోపలివైపు, కనిపించని చోట, తయారుచేసిన సంవత్సరం చెక్కించండి. కొలతల డ్రాయింగ్‌ను బండి కాగితాలతోపాటు ఉంచండి. రేపు ఆ బండి కొనేవారు ఏది అసలుదో, ఏది కొత్తదో తేలిగ్గా గుర్తుపడతారు.